ఊదినంత తేలిక కాదు పీల్చటం

ఆళ్లగడ్డ శిల్పశాలల్లో ఇప్పుడు ఉలి చప్పుడుతో పాటు గ్రైండర్ హోరూ వినిపిస్తుంది. ఇక్కడి రాతి చెక్కడానికి భౌగోళిక గుర్తింపు ఉంది, విగ్రహాలు ఎక్కడెక్కడి గుళ్లకో వెళతాయి. వాటి అందం గురించి రాసినవాళ్లు ఉన్నారు కాబట్టి, రాలిపోయిన పొడి సంగతి చూద్దాం.

ఉలి దెబ్బకు లేచేవి ఎక్కువగా పెచ్చులే. అవి కాళ్ల దగ్గరే పడతాయి. నిమిషానికి పదివేల చుట్లు తిరిగే గ్రైండర్ బిళ్ల మాత్రం రాయిని పిండి చేసేస్తుంది. అందులో కంటికి కనబడే నలుసు చాలావరకు ముక్కులో, గొంతులో ఆగిపోతుంది. 4 మైక్రాన్ల లోపుదే ఊపిరితిత్తుల అడుగుదాకా పోతుంది. ఒక మైక్రాన్ క్వార్ట్జ్ రేణువు ముక్కు ఎత్తు నుంచి నేలకు దిగాలంటే, గాలి కదలకపోయినా, నాలుగు గంటలకు పైనే పడుతుంది. మిషను ఆపి అక్కడే కూర్చుని అన్నం తింటున్నా పీల్చేది ఆ దుమ్మునే.

క్వార్ట్జ్ గ్రానైట్‌లో సాధారణంగా ఐదో వంతు పైనే ఉంటుంది, ఇసుకరాయిలో ఇంకా ఎక్కువ, డోలరైట్ లాంటి నల్లరాయిలో చాలా తక్కువ. ఏళ్ల తరబడి లోపలికి పోతే ఊపిరితిత్తులు మచ్చకట్టి గట్టిపడతాయి. అదే సిలికోసిస్. వచ్చాక నయం చేసే మందు లేదు. 1948 ఫ్యాక్టరీల చట్టం దీన్ని సర్కారుకు తప్పక తెలపాల్సిన జబ్బుల్లో చేర్చింది.

దుమ్ము అనగానే గోడకు ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టిస్తారు. ఎందుకు చాలదో తెలియాలంటే కొవ్వొత్తి వెలిగించి ఊదండి, ఆరిపోతుంది. అంతే దూరం నుంచి గాలి లోపలికి పీల్చి ఆర్పటానికి ప్రయత్నించండి, మంట కదలదు. ఊదిన గాలి ఒకే దిక్కున దూసుకుపోతుంది. గొట్టం వ్యాసానికి 30 రెట్ల దూరంలోనూ దాని వేగం పదో వంతు మిగిలి ఉంటుంది. పీల్చే గొట్టానికి మాత్రం ముందు, పక్కలు, వెనక అన్న తేడా లేదు, అన్ని వైపుల నుంచీ లాగుతుంది. ఒక వ్యాసమంత దూరానికే దాని వేగం పదో వంతు దగ్గరికి పడిపోతుంది.

అమెరికాలో జె.ఎం. డల్లావాల్ 1930 ప్రాంతంలో ఈ పతనాన్ని కొలిచి ఒక సూత్రం ఇచ్చాడు. ఇప్పటికీ ఇంజనీర్లు దాన్నే వాడతారు. గ్రైండర్ దుమ్మును పట్టాలంటే రాయి దగ్గర గాలి వేగం సెకనుకు కనీసం 2.5 మీటర్లు ఉండాలి. 30 సెంటీమీటర్ల వ్యాసమున్న గొట్టం మూతి రాయికి 30 సెంటీమీటర్ల దూరంలో ఉంటే సెకనుకు 2,400 లీటర్ల గాలి లాగాలి. 15 సెంటీమీటర్లకు జరిపితే 740 చాలు. మోటారు మార్చకుండా, మూతిని అరడుగు ముందుకు జరిపినందుకే ఇంత ఆదా! మూతి చుట్టూ వెడల్పాటి రేకు అంచు బిగిస్తే వెనక నుంచి వృథాగా వచ్చే గాలి తగ్గి ఇంకో పాతిక శాతం మిగులుతుంది. ఇక బిళ్లకే తొడుగు తొడిగి గొట్టం తగిలిస్తే? 2016 నాటి అమెరికా నిబంధన ప్రకారం 4 అంగుళాల బిళ్లకు సెకనుకు సుమారు 47 లీటర్లు చాలు.

గుజరాత్‌లోని ఖంభాత్‌లో అకీకు రాళ్లు సానబట్టే పనివాళ్ల కోసం అహ్మదాబాద్ జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ చేసిన పరికరం కూడా ఈ తీరుదే, దుమ్ము పుట్టేచోటే లాగేస్తుంది.

శిల్పికి ఒక చిక్కుంది. తొడుగు బిగిస్తే బిళ్ల అంచు కనబడదు, దేవుడి కనురెప్ప గీయటం కుదరదు. పీఠానికీ వెనకభాగానికీ తొడుగు వాడి, ముఖం దగ్గరికి వచ్చేసరికి ఎటు కావాలంటే అటు వంగే గొట్టాన్ని పక్కన నిలపటమే మేలు. నీళ్లు చల్లుతూ కోస్తే దుమ్ము బాగా తగ్గుతుంది, కానీ మామూలు కరెంటు గ్రైండర్‌తో ఆ పని చేయకూడదు, షాక్ కొడుతుంది.

ఉక్కపోతకని వీపు వెనక పెట్టుకునే స్టాండు ఫ్యాన్ మంచిది కాదు. ఒంటిని దాటిన గాలి ఎదురుగా సుడి తిరిగి దుమ్మును ముఖం మీదికే తెస్తుంది. అది పక్క నుంచి వీయాలి, ఆ వరసలో ఇంకో పనివాడు ఉండకూడదు. లాగిన దుమ్ము గొట్టంలోనే పేరుకోకుండా గాలి సెకనుకు 18 మీటర్ల వేగానికి తగ్గకూడదు. గొట్టం చివర వడపోత సంచి ఉండాలి, లేకపోతే ఆ దుమ్మంతా పక్క షెడ్డుకు పోతుంది. సాయంత్రం కంప్రెసర్ గాలితో బట్టలు దులుపుకునే అలవాటు కూడా మానాలి, రోజంతా పట్టిన దుమ్ము మళ్లీ ముక్కు ముందుకే లేస్తుంది.