కాంతివేగానికి మించిన అంతరిక్షయానం: హద్దు స్వభావంపై ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

విమానం ధ్వని వేగాన్ని దాటినట్లే అంతరిక్షనౌక కూడా ఏదో ఒకనాడు కాంతి వేగాన్ని దాటుతుందన్న వాదన విస్తృతంగా వినిపిస్తుంది. ఈ రెండు హద్దులూ ఒకే జాతికి చెందినవి కావని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. భూకంప శాస్త్రంలోని ఒక పోలికతోనూ, హైదరాబాదు ఉప్పల్ రోడ్డులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థలో నిత్యం జరిగే కొలతలతోనూ కాంతి వేగపు హద్దు కాలస్వభావంలోనే ఇమిడి ఉందని వివరిస్తుంది. టాకియాన్, వార్ప్ ప్రతిపాదనలను ఆ వెలుగులో పరిశీలిస్తుంది.

కీలకపదాలు: కాంతి వేగం, సాపేక్షతా సిద్ధాంతం, కార్యకారణ సంబంధం, టాకియాన్, వార్ప్ బుడగ, జి.పి.ఎస్., ఎన్.జి.ఆర్.ఐ.

1. ఉపోద్ఘాతం

1977లో బయలుదేరిన వాయేజర్-1 సెకనుకు సుమారు 17 కిలోమీటర్ల వేగంతో సౌరకుటుంబాన్ని వీడి పోతున్నది. సూర్యుని తర్వాత మనకు అతి దగ్గరి నక్షత్రమైన ప్రాక్సిమా సెంటారి 4.24 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. వాయేజర్ వేగంతో అక్కడికి చేరడానికి దాదాపు 75 వేల సంవత్సరాలు పడుతుంది. నక్షత్రయానం గురించి ఆలోచించిన ప్రతివారూ కాంతి వేగాన్ని దాటే ఉపాయం కోసం వెదకడానికి ఈ ఒక్క అంకె చాలు.

ఆ వెదుకులాటలో ముందుగా ఎదురయ్యే ఉదాహరణ 1947 అక్టోబరు 14 నాటిది. ఆనాడు చక్ యేగర్ నడిపిన బెల్ ఎక్స్-1 విమానం ధ్వని వేగాన్ని దాటింది. అసాధ్యమన్నది సాధ్యమైంది కనుక కాంతి విషయంలోనూ అలాగే జరుగుతుందని వాదన. అయితే ధ్వనికంటే వేగంగా ఏదీ పోలేదని భౌతిక శాస్త్రం ఏనాడూ చెప్పలేదు. తుపాకి గుండు అంతకు ఎన్నో ఏళ్ల ముందే ధ్వనిని మించిపోయింది. ఝళిపించిన కొరడా కొస ఛెళ్లుమనడం కూడా ఆ కొస ధ్వని వేగాన్ని దాటడం వల్లనే. 1947లో తొలగినది విమాన నిర్మాణానికి సంబంధించిన చిక్కు మాత్రమే. కాబట్టి హద్దు ఉందా లేదా అన్నదానికంటే, అది ఎటువంటి హద్దు అన్నది ముందుగా అడగవలసిన ప్రశ్న.

2. దాటగల హద్దు, దాటలేని హద్దు

హద్దుల మధ్య తేడా తెలుసుకోవడానికి భూకంప శాస్త్రం మంచి ఉదాహరణ ఇస్తుంది. భూమి పొరల్లో రెండు ముఖ్యమైన తరంగాలు ప్రయాణిస్తాయి. భూపటలంలో ప్రాథమిక తరంగాల వేగం సెకనుకు సుమారు 6 కిలోమీటర్లు, ద్వితీయ తరంగాల వేగం సుమారు 3.5 కిలోమీటర్లు. భ్రంశం వెంబడి రాతి చీలిక సాధారణంగా ద్వితీయ తరంగాల కంటే కొంత నెమ్మదిగానే సాగుతుంది. చాలాకాలం అదే దాని హద్దుగా భావించారు. కాని 2001 నవంబరులో టిబెట్ పీఠభూమి ఉత్తరాన సంభవించిన కున్‌లున్ భూకంపంలో చీలిక కొంత దూరం ద్వితీయ తరంగాలను మించిన వేగంతో పరుగెత్తినట్లు నమోదుల విశ్లేషణలో తేలింది.

ఈ హద్దు ఎందుకు చెదిరింది? చీలిక కొసకు ముందున్న రాతికి ఒత్తిడి వార్తను మోసుకుపోగల మరో దూత, అంటే ప్రాథమిక తరంగం, అప్పటికే అక్కడ ఉంది కాబట్టి. ఆ ప్రాథమిక తరంగ వేగాన్ని మాత్రం చీలిక దాటదు. దానికంటే వేగంగా రాతిలో వార్త మోయగల దూత లేదు.

కాంతి విషయంలోనూ ప్రశ్నను ఇదే రూపంలో అడగవచ్చు: శూన్యంలో కాంతికంటే వేగమైన దూత ఏదైనా ఉందా? గురుత్వాకర్షణ అటువంటి దూత కావచ్చునేమోనన్న ఊహకు 2017 ఆగస్టు 17న సమాధానం దొరికింది. రెండు న్యూట్రాన్ నక్షత్రాల కలయిక నుంచి పుట్టిన గురుత్వ తరంగాలూ, గామా కిరణాలూ సుమారు 13 కోట్ల సంవత్సరాలు ప్రయాణించి 1.7 సెకన్ల తేడాతో భూమిని చేరాయి. ఆ కాస్త తేడా కూడా గామా కిరణాలు ఆలస్యంగా వెలువడటం వల్ల కావచ్చు. రెండు వేగాలూ దాదాపు లక్ష కోట్లలో వెయ్యోవంతు సూక్ష్మత వరకు సమానమని దీనివల్ల తేలింది.

న్యూట్రినోల కథ ఇంకొంత వినోదకరం. 2011 సెప్టెంబరులో ఒపేరా ప్రయోగ బృందం, సెర్న్ నుంచి ఇటలీలోని గ్రాన్ సాసో వరకు సుమారు 730 కిలోమీటర్లు ప్రయాణించిన న్యూట్రినోలు కాంతి కంటే దాదాపు 60 నానోసెకన్లు ముందు వచ్చినట్లు ప్రకటించింది. తర్వాతి ఏడాది లోపం బయటపడింది: జి.పి.ఎస్. గ్రాహకం నుంచి కాలసంకేతం తెచ్చే తంతి ఒకటి సరిగ్గా బిగించి లేదు. దీనిని పరిహాసంగా చెప్పుకోవడం అన్యాయం. తమ ఫలితాన్ని తామే అనుమానించి, ఇతరులను పరీక్షించమని ఆ బృందమే కోరింది.

3. ఉప్పల్ రోడ్డులోని సాక్ష్యం

తూర్పు హైదరాబాదులో జవహర్‌నగర్, నాచారం, ఉప్పల్ కాలనీల్లో ఫోనులోని పటం చూసుకుంటూ తిరిగేవారికి ఆ పటం వెనుక సాపేక్షతా సిద్ధాంతం పనిచేస్తున్నదన్న స్పృహ ఉండకపోవచ్చు. ఆ ప్రాంతానికి చేరువలో, ఉప్పల్ రోడ్డులో 1961లో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఉంది. దాని ప్రాంగణంలోని ఉపగ్రహ సంకేత గ్రాహకం అంతర్జాతీయ వ్యవస్థలో హైదరాబాదు కేంద్రంగా నమోదై ఉంది. భారత భూఫలకం ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్ల చొప్పున ఈశాన్యంగా జరుగుతోందన్న సంగతి ఇటువంటి కేంద్రాల కొలతల్లోనే కనిపిస్తుంది.

కాంతి ఒక నానోసెకనులో 30 సెంటీమీటర్లు పోతుంది. అంటే సెంటీమీటర్ల లెక్క తేలాలంటే కాలాన్ని నానోసెకనులో చిన్న భాగాల వరకు సరిచూడాలి. జి.పి.ఎస్. ఉపగ్రహాలు 20,200 కిలోమీటర్ల ఎత్తులో, సెకనుకు సుమారు 3.9 కిలోమీటర్ల వేగంతో తిరుగుతాయి. ఆ వేగం వల్ల వాటి గడియారాలు భూమి మీది గడియారాలతో పోలిస్తే రోజుకు 7 మైక్రోసెకన్లు వెనుకబడతాయి. గురుత్వాకర్షణ తక్కువ కావడం వల్ల 45 మైక్రోసెకన్లు ముందుకు పోతాయి. మిగిలేది 38 మైక్రోసెకన్ల ఆధిక్యం. దీనిని ముందే లెక్కించి గడియారాల పౌనఃపున్యాన్ని తగ్గిస్తారు. తగ్గించకపోతే దూరాల లెక్కలో రోజుకు 11 కిలోమీటర్లకు పైగా దోషం పేరుకుంటుంది. ఉప్పల్ నుంచి బయలుదేరినవారిని పటం మొదటి రోజే నగరంలో మరోచోట చూపగలదు.

ఈ సాక్ష్యం ఎంతవరకు పనికివస్తుందో జాగ్రత్తగా గుర్తించాలి. కాంతికంటే వేగమైనది లేదని జి.పి.ఎస్. నేరుగా నిరూపించదు. కదిలే గడియారం నడక వేరుగా ఉంటుందనీ, అందరికీ ఉమ్మడిగా ‘ఇప్పుడు’ అన్నది లేదనీ అది నిత్యం ధ్రువీకరిస్తుంది. కాంతి వేగపు హద్దుకు పునాది ఇక్కడే ఉంది.

శక్తి కోణం నుంచి కనిపించే అడ్డంకి ఈ పునాదికి మరో ముఖం. సెర్న్‌లోని పెద్ద వేగవర్ధకంలోకి ప్రోటాన్లు 450 గిగా ఎలక్ట్రాన్ వోల్టుల శక్తితో ప్రవేశిస్తాయి. అప్పటికి వాటి వేగం కాంతి వేగం కంటే సెకనుకు సుమారు 650 మీటర్లు తక్కువ. శక్తిని 14 రెట్లకు పైగా, 6,500 గిగా ఎలక్ట్రాన్ వోల్టులకు పెంచిన తర్వాత కూడా సెకనుకు సుమారు 3 మీటర్లు తక్కువగానే మిగులుతుంది. ఆ చివరి 3 మీటర్లు పూరించడానికి ఎంత శక్తి అయినా చాలదు.

4. ప్రశ్నకు ముందే జవాబు

కాంతిని మించిన వేగం నిజంగా లభిస్తే ఏమవుతుంది? భూమి నుంచి ఒక నౌక కాంతి వేగంలో 0.8 వంతు వేగంతో దూరంగా సాగిపోతున్నదనుకుందాం. బయలుదేరిన క్షణాన రెండుచోట్లా గడియారాలు సున్నా చూపుతున్నాయి. భూమి మీది గడియారం 10 సంవత్సరాలు చూపినప్పుడు, క్షణంలో చేరే సాధనంతో నౌకకు ఒక సందేశం పంపారు. భూమి లెక్క ప్రకారం అప్పటికి నౌక 8 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. మందగించిన దాని గడియారం 6 సంవత్సరాలు చూపుతోంది.

సందేశం అందిన నౌక వెంటనే అటువంటి సాధనంతోనే జవాబిచ్చింది. నౌకలోనివారి దృష్టిలో కదులుతున్నది భూమి, మందగించినది భూమి గడియారం. తమ గడియారం 6 చూపుతున్న ‘ఇప్పుడు’ భూమి గడియారం 3.6 సంవత్సరాలు మాత్రమే చూపుతున్నది. జవాబు చేరేది ఆ క్షణానికే. 10వ ఏట అడగబోయే ప్రశ్నకు 3.6వ ఏటనే జవాబు వచ్చింది! ఆ జవాబులో ‘ప్రశ్న పంపవద్దు’ అని ఉంటే?

క్షణంలో చేరే సందేశాన్ని లెక్క సులువు కోసం తీసుకోవడమైనది. సందేశం వేగం కాంతిని ఏ కొంచెం మించినా, తగిన వేగంతో కదిలే నౌకను ఎంచుకుంటే ఇదే చిక్కు వస్తుంది. సందేశం మోయగల నౌకకూ ఇదే వర్తిస్తుంది. ధ్వని విషయంలో ఇటువంటి వైపరీత్యం లేదు: చప్పుడు కంటే ముందు గుండు చేరవచ్చు, పేల్చకముందే మాత్రం చేరదు.

తప్పించుకునే మార్గం ఒకటుంది. విశ్వమంతటికీ ప్రామాణికమైన నిర్దేశ చట్రం ఒకటి ఉండి, కాంతిని మించిన సంకేతాలన్నీ దానికే లోబడితే వైరుధ్యం తొలగిపోతుంది. కాని అన్ని జడత్వ చట్రాలూ సమానమన్న 1905 నాటి ఐన్‌స్టీన్ సూత్రాన్ని అప్పుడు వదులుకోవాలి. మైకెల్సన్, మోర్లీల 1887 నాటి ప్రయోగం మొదలు నేటి వరకు అటువంటి ప్రత్యేక చట్రపు జాడ ఏ ప్రయోగంలోనూ దొరకలేదు.

ఈ చిక్కును సూటిగా ఎదుర్కొన్నవారిలో కేరళలో జన్మించిన ఇ.సి.జి. సుదర్శన్ ఒకరు. 1962లో బిలానియుక్, దేశ్‌పాండేలతో కలిసి ఆయన, ఎల్లప్పుడూ కాంతికంటే వేగంగానే ఉండే కణాలను సాపేక్షతా సిద్ధాంతం నిషేధించదని వాదించారు. కాంతి వేగాన్ని దాటడం వేరు, పుట్టుకతోనే దానికి ఆవల ఉండటం వేరు. కాలంలో వెనక్కి పోయే ఋణశక్తి కణాన్ని ముందుకు పోయే ధనశక్తి కణంగా వ్యాఖ్యానించవచ్చునని వారి సూచన. 1967లో జెరాల్డ్ ఫైన్‌బర్గ్ వీటికి టాకియాన్లని పేరుపెట్టాడు. ప్రయోగాల్లో ఇవి కనబడలేదు. పైగా నేటి క్షేత్ర సిద్ధాంతంలో అటువంటి ద్రవ్యరాశి గల క్షేత్రం అస్థిరతకు గుర్తు; దాని అలజడులు కూడా వార్తను కాంతికంటే వేగంగా మోయవు. సుదర్శన్ బృందం వాదం ప్రయాణ సాధనాన్ని ఇవ్వకపోయినా, నిషేధం ఎక్కడ మొదలవుతుందో కచ్చితంగా అడగడం నేర్పింది. ఈ చర్చలో దాని విలువ తక్కువేమీ కాదు.

5. దేశకాలాన్నే వంచితే

సాధారణ సాపేక్షతలో హద్దు స్థానికమైనది: ఏ వస్తువూ తన పక్కనున్న కాంతిని దాటిపోరాదు. దేశం విస్తరించే వేగానికి ఆ నియమం వర్తించదు. సుదూర గెలాక్సీలు కాంతికంటే వేగంగా మనకు దూరమవుతున్నది అందుకే. 1994లో మెక్సికోకు చెందిన మిగెల్ అల్కుబియెర్రె ఈ వెసులుబాటును వాడుకుని, నౌక ముందున్న దేశాన్ని కుదించి వెనుకనున్న దేశాన్ని విస్తరింపజేసే వార్ప్ బుడగను గణితంగా నిర్మించాడు. బుడగ లోపల నౌక కదలనట్లే ఉంటుంది.

ఐన్‌స్టీన్ సమీకరణాల్లో ఇది ఇముడుతుంది. కాని కావలసిన వక్రతను ముందుగా రాసుకుని, దానికి ఏ పదార్థం అవసరమో తర్వాత లెక్కించిన పద్ధతి ఇది. ఆ పద్ధతిలో కోరిన ఏ వక్రతకైనా ఏదో ఒక పదార్థం సమాధానంగా వస్తుంది. అది ప్రకృతిలో ఉందా అన్నదే ప్రశ్న. ఇక్కడ వచ్చిన సమాధానం ఋణశక్తి సాంద్రత గల పదార్థం. 1948లో కాసిమిర్ ఊహించిన ప్రభావంలో అతి సూక్ష్మ పరిమాణంలో ఋణశక్తి ఉంది. అయితే క్వాంటం నియమాలు దాని పరిమాణాన్నీ, నిలిచే కాలాన్నీ బిగించి ఉంచుతాయి. ఆ నియమాల ప్రకారం 1997లో ఫెన్నింగ్, ఫోర్డ్ లెక్కిస్తే, ఒక మామూలు బుడగకు దృశ్య విశ్వంలోని శక్తి అంతటినీ మించిన ఋణశక్తి అవసరమని తేలింది. 1999లో వాన్ డెన్ బ్రూక్ బుడగ ఆకారాన్ని మార్చి, దానిని కొన్ని సూర్యుల ద్రవ్యరాశి స్థాయికి తగ్గించాడు. తగ్గుదల అద్భుతమే, కాని ఋణ గుర్తు పోలేదు.

ఇంధన సమస్య తీరినా నాలుగో విభాగంలోని చిక్కు తీరదు. రెండు బుడగలను తగిన వేగాలతో ఎదురెదురుగా నడిపితే యాత్రికుడు బయలుదేరకముందే తిరిగి రాగలడని 1996లో అలెన్ ఎవరెట్ చూపాడు. కాలంలో వెనక్కి పోవడాన్ని ప్రకృతి నియమాలే అడ్డుకుంటాయన్న స్టీఫెన్ హాకింగ్ 1992 నాటి ప్రతిపాదన ఇప్పటికీ ప్రతిపాదనగానే ఉంది. దానికి పూర్తి నిరూపణ కావాలంటే గురుత్వాకర్షణకు క్వాంటం సిద్ధాంతం కావాలి. ‘ఎప్పటికైనా’ అన్న మాటకు శాస్త్రంలో మిగిలి ఉన్న చోటు ఇంతే.

6. హద్దుకు లోబడిన దారి

కాంతికంటే తక్కువ వేగంతో నక్షత్రాలను చేరడాన్ని ఏ నియమమూ అడ్డుకోదు. భూమి మీది గురుత్వానికి సమానమైన త్వరణంతో సగం దూరం వేగం పెంచి, మిగతా సగం తగ్గించే నౌక ప్రాక్సిమాను చేరేసరికి యాత్రికులకు సుమారు మూడున్నరేళ్లు, భూమి మీద దాదాపు ఆరేళ్లు గడుస్తాయి. 26 వేల కాంతి సంవత్సరాల దూరంలోని పాలపుంత కేంద్రానికి యాత్రికుల వయసులో సుమారు 20 ఏళ్లు చాలు. భూమి మీద గడిచేవి 26 వేల ఏళ్లు.

పోతన భాగవతం నవమ స్కంధంలోని రైవతుని కథ ఇక్కడ తెలుగు పాఠకునికి గుర్తురాక మానదు. కూతురు రేవతికి వరుని అడగడానికి బ్రహ్మలోకానికి వెళ్లిన రాజు, కొద్దిసేపు వేచి ఉన్నంతలో భూలోకంలో 27 మహాయుగాలు గడిచిపోతాయి. ఇందులో సాపేక్షతా సిద్ధాంతాన్ని చూడటం అతివ్యాఖ్య. ఆ కథలో కాలభేదానికి కారణం లోకభేదం, వేగం కాదు. కాని తిరిగివచ్చిన రాజుకు తెలిసినవారు ఒక్కరూ మిగలకపోవడమన్న పర్యవసానాన్ని ఆ కథ తప్పించుకోలేదు. పాలపుంత కేంద్రానికి వెళ్లే యాత్రికుడూ దానిని తప్పించుకోలేడు.

ఇక మిగిలిన అడ్డంకి ఇంధనం. పదార్థాన్నీ ప్రతిపదార్థాన్నీ నూరుపాళ్లు కాంతిగా మార్చే ఆదర్శ రాకెట్టు ఉన్నా, ఒక టన్ను బరువును ప్రాక్సిమా వద్ద ఆపడానికి సుమారు 37 టన్నుల ఇంధనం కావాలి. పాలపుంత కేంద్రం వద్ద ఆపాలంటే దాదాపు 70 కోట్ల టన్నులు. మొదటి అంకె నేటి సాంకేతికతకు అందదు, కాని ప్రకృతి నియమాలకు విరుద్ధం కాదు.