దాల్చినచెక్కయు తంగేటిపట్టయు

లేపాక్షి బసవన్నను జూచి హిందూపురమునకు మరలివచ్చుచుండఁగా, దారిప్రక్కఁ బూచియున్న తంగేటిపొదను జూపి మా విద్యార్థి యొకఁడు, “అయ్యా, పుస్తకములో దీనిపేరు కాసియా అని యున్నది. మసాలాలో వేయు చెక్కయు కాసియాయే. మఱి దీని పట్టను కూరలో నేల వేయరు?” అని యడిగెను. మేము నవ్వితిమి గాని, ఆ ప్రశ్న నవ్వఁదగినది కాదు.

గ్రీకులు సుగంధపు బెరడున కిడిన యా పేరును 1753లో లిన్నేయసు పండితుఁడు తంగేటికిని రేలకును బెట్టెను. ఇప్పుడు తంగేటిని సెన్నాజాతికి మార్చిరి. రేల పాతపేరుననే యున్నది. ఇవి చిక్కుడు కుటుంబమువి. తంగేటిపట్ట తోళ్లను పదునుచేయుటకే కాని వంటకుఁ బనికిరాదు. మసాలా కాసియా కర్పూరవృక్షమునకు జ్ఞాతి; దక్షిణచీనాలోను వియత్నాము కొండలలోను బెరుగును. ఏఁటికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన కురియు మన సీమ దానికిఁ జాలదు.

సింహళపు దాల్చినచెక్క వేఱు. అది కాగితమువలెఁ బలుచనై, పొరమీఁదఁ బొరగాఁ జుట్టుకొని, వ్రేళ్లతో నలిపిన విఱుగును, రుచి తీయన. కాసియా మందము, గట్టి, ముదురువన్నె, ఒకే పొర రెండంచులను లోనికి ముడుచుకొనును, ఘాటెక్కువ. అంగళ్లలో రెంటిని దాల్చినచెక్కయే యనియు, లవంగపట్ట యనియు నమ్ముదురు. చవుకది సాధారణముగాఁ గాసియాయే. పొడిచేసినచోఁ గంటితో గుర్తించుట కష్టము.

ఇందు బాధ యేమి? కాసియాలో కూమరిన్ అను పదార్థము గ్రామునకు సగటున 3 మిల్లీగ్రాములవఱకుఁ గలదు. సింహళపు చెక్కలో లేశమాత్రమే. మితిమీఱినచో నది కొందఱి కాలేయమునకుఁ గీడుచేయును. శరీరపు కిలో బరువునకు దినమునకు 0.1 మిల్లీగ్రాము మించరాదని ఐరోపావారి లెక్క. అనఁగా 60 కిలోల పెద్దవానికి రెండు గ్రాములు, 15 కిలోల బిడ్డకు అరగ్రాము. పులావులో నొకముక్క వేసినందున భయము లేదు. మధుమేహమునకు మంచిదని యెవరో చెప్పఁగా దినదినమును చెంచెడు పొడి మ్రింగు పెద్దలు మాత్రము వైద్యుని యడుగవలెను.

మఱునాఁడు ఆ విద్యార్థి తల్లి పోపులపెట్టెనుండి రెండుముక్కలు తెచ్చి బల్లమీఁదఁ బెట్టెను. రెండును మందపువే.