జాగు చేయుటయే జాగ్రత్త

అంగడి అరచేతిలోనికి వచ్చిన యీ కాలమున, గడివేముల మొదలు ఆళ్లగడ్డ వరకు, కొనువారికిని అమ్మువారికిని కలుగు మేలెంత? పొంచియున్న ముప్పెంత?

వస్తువును కన్నులజూడక, వర్తకుని ముఖమెరుగక, కేవలము ప్రకటనను నమ్మి దూరప్రాంతమునుండి సరకు తెప్పించుకొనుట మన తాతలకు క్రొత్త సంగతి కాదు. చెన్నపట్టణపు ప్రచురణకర్తలు పత్రికలలో పుస్తకముల జాబితాలు ప్రకటించుటయు, ఏ మారుమూల పల్లెలోని పంతులుగారో యొక కార్డు వ్రాసి పడవేయుటయు, కొన్ని దినములకు తపాలా జవాను కట్టను చంకనిడుకొని వచ్చి వెల పుచ్చుకొని దానిని చేతికిచ్చుటయు ఆనాటి వాడుక. వి.పి.పి. యను పేర 1877లోనే మన తపాలా శాఖ యీ పద్ధతిని నెలకొల్పెను. నేడు ‘క్యాష్ ఆన్ డెలివరీ’ యని మనము మురిసికొనునది ఆ వి.పి.పి.కి మనుమడే.

ఆ వ్యాపారమునకును నేటి ఆన్‌లైన్ వ్యాపారమునకును గల భేదము దూరమున లేదు, వేగమున నున్నది. కోరిక పుట్టుటకును డబ్బు చేతులు మారుటకును నడుమ ఆనాడు దినముల తరబడి యెడముండెను. ఆ యెడములో ‘ఇది యిప్పుడు మనకవసరమా?’ యని ఇల్లాలడుగుటకును, ‘వారి సరకు నిలువదు’ అని ఎరిగినవాడొకడు హెచ్చరించుటకును, కొనువాడు తన మనస్సు తానే మార్చుకొనుటకును తావుండెను. 2016లో యూపీఐ వచ్చిన పిదప ఆ యెడము పిన్ నొక్కునంతసేపునకు కుంచించుకొనిపోయినది. ఆన్‌లైన్ వాణిజ్యము వలని సౌఖ్యమునకు మూలము ఈ వేగము; దానివలని కీడులో పెద్దపాలునకును మూలమదియే. ఈ యొక్క మాట మనస్సున నిలుపుకొన్నవానికి తక్కిన జాగ్రత్తలన్నియు తమంతట తామే తోచును.

బస్సెక్కకుండ బజారు

గడివేముల మండలము పేరునకు పల్లెసీమయేగాని లోకవ్యవహారమునకు దూరమైనది కాదు. బిలకలగూడూరులో సిమెంటు కర్మాగారము కలదు. గని, శకునాల గ్రామములను కలుపుకొని వేయి మెగావాట్ల సౌరవిద్యుత్క్షేత్రము పరచుకొనియున్నది. అయినను వెనుక నీటి మోటారుకొక విడిభాగము కావలెనన్నను, బ్యాంకు పరీక్షకు చదువుకొను కుర్రవానికొక పుస్తకము కావలెనన్నను బస్సెక్కి నంద్యాలకు పోవలసినదే. అచ్చట దొరకనిచో కర్నూలు, అచ్చటను లేనిచో హైదరాబాదు. బస్సుచార్జియు, హోటలు భోజనమును, ఆనాటి కూలినష్టమును వస్తువు వెలతో కలిసి లెక్కకు వచ్చుచుండెను. నేడా ఖర్చు తప్పినది. అంతకన్న పెద్ద మేలు మరియొకటి కలదు: ఒకే వస్తువునకు నాలుగు చోట్ల వెల యెంతయున్నదో ఇంటనే తెలిసికొనగలిగినవాడు, తుదకు నంద్యాల దుకాణములోనే కొన్నను, బేరమెరిగి కొనును. నడువలేని వృద్ధులకును, ఇల్లు విడిచి కదలలేని స్త్రీలకును ఈ సదుపాయము చేసిన ఉపకారము చిన్నది కాదు.

పల్లెలో ఈ వ్యాపారపు కడపటి మజిలీ చూడముచ్చటగ నుండును. చిరునామాలో వీధిపేరు లేదు, ఇంటినంబరు లేదు. ‘రామాలయము వెనుక సందు’ అని మాత్రముండును. డెలివరీ కుర్రవాడు ఫోను చేసి, ‘అన్నా, నీ పార్సిల్ వచ్చింది, బస్టాండుకాడికి వస్తావా?’ అనును, వచ్చినవాని చేతిలో అట్టపెట్టె పెట్టకమునుపే ‘ఓటీపీ చెప్పన్నా’ యని తొందరపెట్టును, ఏలయన చీకటి పడులోగా వాడింకను నాలుగూళ్లు తిరుగవలెను. ఇచ్చటనే ఒక్క నిమిషము జాగు చేయవలెను. పెట్టె చిరిగియున్నదా, సీలు ఊడియున్నదా యని చూచి, తెరచి చూపు ఏర్పాటున్నచోట తెరపించి, ఆ పిమ్మట సంఖ్య చెప్పవలెను. ఆ సంఖ్యను తెచ్చిన సందేశమును పూర్తిగ చదువుట మరియు ముఖ్యము: సరకు ముట్టినదనుటకు వచ్చు ఓటీపీ వేరు, ఖాతానుండి డబ్బు పోవుటకు వచ్చు ఓటీపీ వేరు. రెండవదానిని అడుగు అధికారము డెలివరీవానికే కాదు, బ్యాంకు మేనేజరుకును లేదు. ఇంటికి వచ్చిన పిదప పెట్టె విప్పునప్పుడు ఫోనుతో వీడియో తీసి యుంచుకొన్నచో, ఫోనుకు బదులు సబ్బుబిళ్ల వచ్చిన దుర్దినమున అదియే సాక్ష్యమగును.

అమ్మువాని పక్షము

కొనువాని భయము వస్తువు రాదేమోయని. అమ్మువాని భయము డబ్బు రాదేమోయని. ఈ రెండు భయములకును సమాధానము చెప్పగల బేరమే నిలుచును. ఆళ్లగడ్డ రాతిశిల్పమునకు భౌగోళిక గుర్తింపు లభించినది. విగ్రహము కోరువారు ఎచ్చటనో యుందురు, కృష్ణశిల ఇచ్చట రూపుదాల్చును. ఇట్టి దూరపు బేరమునకు తగిన క్రమమేదియనగా: మొదట కొలతలును గీసిన రూపురేఖయు పంపి ఒప్పుదల పొందవలెను, ఆపై బయానా పుచ్చుకొనవలెను, రాయి మోటుగ చెక్కిన దశలో నొక ఛాయాచిత్రము, కనుముక్కు తీరు దిద్దిన దశలో నొక వీడియో వాట్సాపున పంపవలెను, ప్రయాణములో ముందు విరుగునవి ముక్కుకొనయు చేతివ్రేళ్లును గనుక చెక్కచట్రములో వరిగడ్డి దట్టించి లారీకెక్కించునప్పుడు మరియొక చిత్రము తీసి, దారిలో నష్టమైనచో భారమెవ్వరిదో ముందే వ్రాసికొని, అప్పుడు శేషధనమడుగవలెను. డబ్బు విడతలుగ కదలును, పనియు విడతలుగ కదలును. ఒకవిడతకును మరియొకవిడతకును నడుమ ఇరువురికిని ఆలోచనకు అవకాశముండును. శిల్పమునకే కాదు, ఇంట పట్టుకొన్న పచ్చళ్లకును, 2017లో భౌగోళిక గుర్తింపు నందిన బనగానపల్లె మామిడికిని ఈ క్రమమే శ్రేయస్కరము. ఆహారవస్తువులు అమ్మువారికి ఎఫ్ఎస్ఎస్ఏఐ నమోదు తప్పనిసరియని మరువరాదు.

చిన్న వర్తకునికి చట్టము కొంత వెసులుబాటు కల్పించినది. వెనుక ఆన్‌లైన్ వేదికలలో ఒక్క వస్తువమ్మవలెనన్నను జీఎస్టీ రిజిస్ట్రేషను ఉండవలసియుండెను. 2023 అక్టోబరు 1 నుండి, మన రాష్ట్రములో సంవత్సరపు వ్యాపారము నలువది లక్షలు దాటని సరకుల వర్తకుడు, స్వరాష్ట్రములోనే అమ్ముకొనుటైనచో, రిజిస్ట్రేషను లేకయే ఒక నమోదుసంఖ్య పుచ్చుకొని ఆ వేదికలపై కూర్చొనవచ్చును. పొరుగు రాష్ట్రమునకు పంపదలచినచో మాత్రము రిజిస్ట్రేషను తప్పదు. వేదికవారి కమిషనును, రవాణాఖర్చును, తిరిగివచ్చు సరకుల నష్టమును ముందుగ లెక్కించుకొనక వెల నిర్ణయించువాడు, అమ్మకమెంత పెరిగిన అంత నష్టపోవును.

తొందరపెట్టువానిని నమ్మరాదు

మోసముల పేర్లు నెలకొకటి మారుచుండును గాని వాని స్వభావము మారదు. ప్రతి మోసగాడును ఎదుటివాని ఆలోచనకు గల వ్యవధిని హరింపజూచును. పాత బండి యమ్మజూపిన రైతునకు ఫోనుచేసి, ‘డబ్బు పంపుచున్నాను, ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టుము’ అనువాడొకడు. డబ్బు పుచ్చుకొనుటకు పిన్ ఎన్నడును అక్కరలేదను చిన్న సంగతి ఆ తొందరలో తట్టదు. సరకు తిరిగిపంపదలచి అంతర్జాలమున కస్టమర్ కేర్ నంబరు వెదకినవానికి దొరకునది దొంగనంబరు. ‘ఐదు నిమిషములలో రీఫండ్’ అని చెప్పి తెరను చూపు యాప్‌ను ఎక్కించువాడు మరియొకడు. ప్రభుత్వపథకము పేర వాట్సాపులో ఏపీకే ఫైలు పంపి ‘నేడే తుదిగడువు’ అనువాడింకొకడు. పుణ్యక్షేత్రముల వసతిగదుల పేర నకిలీ వెబ్‌సైట్లు వెలయుటయు మనమెరిగినదే. అధికారిక యాప్‌లోనుండియే ఫిర్యాదు చేయుట, వెబ్‌సైటు చిరునామాను అక్షరమక్షరము చదువుట, పెద్ద మొత్తమైనచో రేపటివరకు ఆగుట: ఈ మూడు అలవాట్లు పెక్కు ఉచ్చులను త్రెంపగలవు.

చట్టబద్ధులైన వర్తకులును ఈ విద్య ఎరుగనివారు కారు. ‘ఇంకను రెండే మిగిలియున్నవి’, ‘ఆఫరు పది నిమిషములలో ముగియును’ అని లేనిపోని తొందర కల్పించుటను కేంద్రప్రభుత్వము 2023 నవంబరు 30న వెలువరించిన మార్గదర్శకములలో నిషేధించినది. వినియోగదారుని వంచించు పదుమూడు కపటరీతులను పేర్కొనిన ఆ పట్టికలో మొట్టమొదటిది ఈ కల్పిత తొందరయే. శాసనకర్తల దృష్టియు మోసపు మూలము మీదనే పడినదన్నమాట.

అదను తిరిగిరాదు

రైతు కొనుగోళ్లలో ఒకదానికి మాత్రము ‘రిటర్న్’ అను మాట వర్తింపదు. చొక్కా కొలత కుదరనిచో మరల పంపవచ్చును. మొలవని పత్తివిత్తనమునకు వెల తిరిగివచ్చినను ముంగారు అదను తిరిగిరాదు. కావున విత్తనమును ఆన్‌లైనులో కొనువాడు, వెల నూరురూపాయలు తక్కువయని మురియక, అమ్మువానికి లైసెన్సు కలదా, సంచిమీది లాట్ నంబరును బిల్లులోని నంబరును ఒక్కటేనా యని విచారింపవలెను. పురుగుమందులను లైసెన్సు గలవారు ఆన్‌లైనులో అమ్ముటకు 2022 నవంబరులో అనుమతి లభించినదిగాని, లైసెన్సు లేనివానికి ఆ అనుమతి రక్ష కాదు. బిల్లును, ఖాళీసంచిని, సంచికి కుట్టిన చీటిని పంట ఇంటికి వచ్చువరకు దాచవలెను. విత్తనము చెడిపోయినచో రైతును వినియోగదారుడుగనే పరిగణింపవలెనని, నేషనల్ సీడ్స్ కార్పొరేషనుపై ఆంధ్రప్రదేశ్ రైతులు తెచ్చిన వ్యాజ్యములలో సుప్రీంకోర్టు 2012 జనవరిలో తేల్చిచెప్పినది; రైతు నాటవలసిన విత్తనములో కొంత పరీక్షకొరకు మిగుల్చుకొని యుండవలెననుట అసంగతమనియు అభిప్రాయపడినది. ఆ తీర్పు రైతునకు ద్వారము తెరచినది. ఆ ద్వారమున ప్రవేశించుటకు చేతిలో బిల్లుండవలెను.

తొందర ఎప్పుడు తగును?

ఇంతసేపు జాగును పొగడితిమి. దానికొక మినహాయింపు కలదు. డబ్బు పోయినదని తెలిసిన క్షణమునుండి నిదానము దోషమగును. ‘నలుగురు నవ్వుదురేమో’ యని దాచుకొను గంటలలోనే సొమ్ము ఒక ఖాతానుండి మరియొకదానికి పారి కంటికి కనబడకుండపోవును. వెంటనే సైబరు మోసముల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చేయవలెను, బ్యాంకునకు తెలుపవలెను. రిజర్వు బ్యాంకు 2017లో నిర్దేశించిన ప్రకారము, బ్యాంకుదిగాని ఖాతాదారునిదిగాని కాని లోపమువలన మూడవవాడు సొమ్ము కాజేసినపుడు, మూడు పనిదినములలో తెలిపిన ఖాతాదారునికి నష్టభారము లేదు. తానే ఓటీపీ చెప్పియున్నచో ఫిర్యాదు చేయువరకు జరిగిన నష్టము తనదే. చేసిన పిదప జరిగినది బ్యాంకుది. రెండు విధములను గడియారమే తీర్పరి.

సరకులో లోపమైనచో పోరాటము వేరు. 2020 జూలైలో వచ్చిన ఈ-కామర్స్ నియమముల ప్రకారము వేదికవారు ఫిర్యాదు అందినదని నలుబదియెనిమిది గంటలలో తెలుపవలెను, నెలలోగా పరిష్కరింపవలెను. వినకున్నచో జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915 కలదు. అప్పటికిని తీరనిచో జిల్లా వినియోగదారుల కమిషను కలదు. 2019 నాటి చట్టము పుణ్యమా యని, కంపెనీ ఏ మహానగరములో నున్నను, గడివేముల నివాసి తాను నివసించు ప్రాంతపు కమిషనులోనే వ్యాజ్యము వేయవచ్చును. ఐదులక్షలలోపు కొనుగోలుకు రుసుము లేదు, రెండేండ్ల గడువున్నది. వెనుక దూరము వర్తకునికి కవచమైయుండెను, ఈ నిబంధనతో ఆ కవచము తొలగినది.

చట్టము ఇంతవరకు వచ్చినది. తక్కినది మన అలవాటు. దుకాణము ముందు నిలిచి నాలుగుసార్లు బేరమాడి, మూడుసార్లు వెనుదిరిగి, తుదకు కొను నేర్పు మన పల్లెవారికి పుట్టుకతోనే వచ్చినది. ఆ నేర్పు ఫోను తెరముందు మాత్రమేల మరువవలెను? చెల్లింపునకు ముందు తొందరపెట్టువాడెవ్వడైనను, వాడు దొంగయైనను దొరయైనను, వానికి ఒక పూట గడువు చెప్పుడు. నిజమైన బేరము మరునాటికిని నిలిచియుండును. నిలువనిచో మీరు కోల్పోయినదేమియు లేదు.