డ్రమ్ము వాయించువాని చెవులు – హెడ్‌ఫోన్ల యెంపిక



నేటి ప్రసంగవిషయము వినగానే మీలో కొందఱు నవ్వుకొనవచ్చును. ముప్పదియైదేండ్లు పిల్లలకు సంధులును సమాసములును చెప్పి విశ్రాంతి గైకొన్న పంతులునకు చెవులకు దగిలించుకొను హెడ్‌ఫోన్లతో పని యేమి యని మీకు దోచును. నాకును మొన్నమొన్నటి వఱకు అట్లే తోచినది. కాని మా యింటనే జరిగిన యొక సంగతి నన్నీ విషయమున విద్యార్థిని గావించినది. నేర్చుకొన్నది నలుగురకు జెప్పుట పంతులునకు స్వభావము గదా.

నేను దిల్‌సుఖ్‌నగరమున నుందును. నా మనుమడు లాల్ బహదూర్ నగరమున, అనగా మీరు సూర్యాపేట, నల్లగొండ బస్సులలో వచ్చి దిగు ఎల్బీనగరమున, ఒక మేడమీది గదిని మిత్రులతో గలిసి బాడుగకు దీసికొని డ్రమ్ములు వాయించుచుండును. మన పెద్దలు వాద్యములను తతము, సుషిరము, అవనద్ధము, ఘనము అని నాలుగు తెఱగులుగా విభజించిరి. చర్మము బిగించినవి అవనద్ధములు. కంచుతాళముల వంటివి ఘనములు. పాశ్చాత్యుల డ్రమ్ముల సెట్టులో ఈ రెండు తెఱగులును కలవు. ఒక్క మనుష్యుడు రెండు చేతులతోడను రెండు కాళ్ళతోడను వానిని వాయించును. కావున దాని మ్రోత యెట్టిదో మీరే యూహింపుడు.

మనుమనికి ఒక సంగీతదళమున చేరవలెనని కోరిక. ఆ దళమువారు నీ వాద్యమును మాదిరిగా రికార్డు చేసి పంపుమనిరి. దీనిని డెమో యందురు. పాట ముందుగా కంప్యూటరులో నుండును. దానితోపాటు కాలప్రమాణము చెప్పుటకు టిక్కు టిక్కు మను తాళధ్వని యుండును. ఈ రెండును వాయించువాని చెవికి వినబడవలెను. ఎదుట నుంచిన మైకునకు వినబడరాదు. ఇందులకే హెడ్‌ఫోన్లు కావలసి వచ్చినవి.

బాలుడు తొందరపడి, తీగ లేనివియు, మందధ్వని హెచ్చుగా బలుకునవియు నగు హెడ్‌ఫోన్లను రెండువేలకు గొనెను. రికార్డు చేసి వినగా రెండు దోషములు బయలుపడినవి. దెబ్బలన్నియు పాటకు వెనుకబడినవి. పాట మెల్లగా సాగు తావులందు టిక్కు టిక్కు మను ధ్వని మైకులోనికి జొరబడి స్పష్టముగా వినబడుచుండెను. మూడవ దోషము రాత్రి తెలిసినది. భోజనమునకు గూర్చుండి, "తాతయ్యా, చెవులలో కీచురాళ్ళు అఱచినట్లున్నది" అనెను.

ఆ మాట విన్నంతనే నాకు మా గ్రామపు డోలు వాద్యకాడు జ్ఞప్తికి వచ్చెను. నా బాల్యమున ఉత్సవములందు ఆయన డోలు లేనిదే రథము కదలెడిది కాదు. ఏబది యేండ్లు నిండకమునుపే ఆయనకు ఎదుటివాని మాట వినబడకుండెను. మేము పిల్లలము వెనుకనుండి పిలిచి, పలుకకుండుట చూచి నవ్వెడివారము. వయసుచేత గలిగిన చెవుడని పెద్దలనిరి. అది వయసు పని మాత్రమే కాకపోవచ్చునని నాకు ఈ యేడుగాని తోచలేదు.

మఱునాడే మనుమని చెవివైద్యునికడకు గొనిపోతిని. పరీక్షించి, ఈసారికి హాని నిలువలేదని చెప్పిరి. పిమ్మట వారు వివరించినదిది. చెవి లోపల నత్తగుల్ల వంటి యవయవమొకటి కలదు. అందు మిక్కిలి సూక్ష్మములగు రోమములు గల కణములుండును. ధ్వని వానిని కదల్చును; ఆ కదలికయే నాడిమార్గమున మెదడును జేరును. పెనుధ్వని తగిలినపుడు అవి అలసిపోవును. అలసట మీఱినచో నశించును. పైరు కోసిన మోడు మరల చిగుర్చునుగాని, మనుష్యుని చెవిలో నశించిన యీ కణములు మరల మొలవవు. చెవిలో హోరు వాని మొదటి హెచ్చరిక.

ధ్వనిని డెసిబెలులలో కొలతురు. ఈ లెక్క సామాన్యమైన కూడిక వంటిది కాదు. మూడు డెసిబెలులు హెచ్చిన ధ్వనిశక్తి రెట్టింపగును. అమెరికాలో కార్మికుల యారోగ్యమును పరిశోధించు జాతీయసంస్థ 1998లో ప్రకటించిన ప్రమాణము ననుసరించి, 85 డెసిబెలుల ధ్వనిలో దినమునకు 8 గంటలకంటె నెక్కువ యుండరాదు. ధ్వని మూడేసి హెచ్చినకొలది కాలము సగమగుచు వచ్చును. 88కి 4 గంటలు, 91కి 2 గంటలు, 94కి ఒక గంట, 97కి అరగంట, 100కి పావుగంట మాత్రమే. డ్రమ్ముల సెట్టు ముందు గూర్చున్నవానికి 100 డెసిబెలులు వినబడుట వింత కాదు. మా వాడు దినమునకు మూడుగంటలు వాయించుచుండెను!

ఇచ్చట నొక చిక్కు గలదు. చెవిని సరిగా మూయని హెడ్‌ఫోను పెట్టుకొన్నవానికి తన డ్రమ్ముల మ్రోతలో పాట వినబడదు. అందుచే పాటను ఇంకను హెచ్చించును. అప్పుడు వెలుపలి మ్రోతయు లోపలి మ్రోతయు రెండును చెవిని బాధించును. అట్లు గాక, హెడ్‌ఫోను వెలుపలి ధ్వనిని 20 డెసిబెలులు అడ్డగించిన 100 అన్నది 80 యగును. పాటను మెల్లగా నుంచినను వినబడును. కావున డ్రమ్ము వాయించువానికి హెడ్‌ఫోను చేయవలసిన మొదటి పని వినిపించుట కాదు, వినిపింపకుండుట. ఈ యొక్క సూత్రము పట్టువడిన తక్కిన లక్షణములన్నియు దానంతట తెలియును.

మొదటి లక్షణము: గిన్నె వెనుకభాగము పూర్తిగా మూయబడి యుండవలెను. వెనుక రంధ్రములు గల జాతి యొకటి కలదు. నిశ్శబ్దమైన గదిలో పాట వినుటకు అది హాయిగా నుండును, డ్రమ్ములకు పనికిరాదు. గిన్నె చెవిపై నానియుండుట చాలదు. చెవిని చుట్టును గప్పవలెను.

రెండవది: తీగ యుండవలెను. తీగ లేని హెడ్‌ఫోన్లలో ధ్వని చేరుటకు సాధారణముగా సెకనులో పదవవంతు మొదలు నాలుగవవంతు వఱకు జాగగును. నిమిషమునకు 120 అక్షరముల వేగమున అక్షరమునకు అరసెకను పట్టును. దానిని నాలుగు మాత్రలు చేసిన మాత్రకు సెకనులో ఎనిమిదవవంతు. అనగా ధ్వని యొక మాత్రయో రెండు మాత్రలో ఆలస్యముగా జేరును. లయజ్ఞానము గలవారికి ఇంతకంటె చెప్పనేల? మా వాని దెబ్బలు వెనుకబడుటకు వాని చేయి కారణము గాదు.

మూడవది: విద్యుచ్ఛక్తితో బయటి సద్దును చంపునట్టి హెడ్‌ఫోన్లను జూచి మోసపోరాదు. అవి విమానపు హోరు వంటి నిలుకడగల ధ్వనిని చక్కగా తగ్గించును. క్షణమున బుట్టి క్షణమున బోవు డ్రమ్ము దెబ్బను అంతగా తగ్గింపజాలవు. మందమైన మెత్తయు, గట్టి గిన్నెయు, బిగువైన పట్టీయు చేయు పని వేఱు.

నాలుగవది: మందధ్వనిని లేని గొప్పతో వినిపించు హెడ్‌ఫోను వాయించువానిని మభ్యపెట్టును. ఉన్నది ఉన్నట్లు చెప్పునదే మేలు. ఐదవది: ఓములలో చెప్పబడు విద్యున్నిరోధము. అది 32 మొదలు 80 వఱకు నున్న హెడ్‌ఫోన్లు సాధారణముగా చిన్న యంత్రములతో చక్కగా బలుకును. 250 ఓములవానికి బలమైన యంత్రము కావలెను.

ఈ లక్షణములను కాగితముపై వ్రాసికొని తాతామనుమల మిరువురమును బయలుదేఱితిమి. దిల్‌సుఖ్‌నగరమున వసతిగృహముల విద్యార్థులు పెక్కండ్రు. అందుచే అచ్చటి యంగళ్ళలో సెల్‌ఫోను సామగ్రికి కొదువ లేదు. కాని మాకు జూపినవన్నియు తీగ లేనివే. అచ్చటనే మెట్రో యెక్కితిమి. ఈ మార్గము ఎల్బీనగరము వఱకు 2018 సెప్టెంబరులో తెఱవబడినది. ఐదవ నిలయమగు ఉస్మానియా వైద్య కళాశాలవద్ద దిగిన కోఠి. అచ్చటి గుజరాతీ గల్లీలో ధ్వనియంత్రముల యంగళ్ళు కలవు.

అంగడిలో పరీక్షించు విధము చెప్పెదను. పాట పెట్టకయే హెడ్‌ఫోను ధరింపుడు. వీధిలోని హారన్ల మోత ఎంత తగ్గినదో వినుడు. కండ్లజోడు పెట్టుకొనువారు జోడుతోనే చూడవలెను. దాని కాడ మెత్తక్రింద సందు చేయును, ఆ సందున ధ్వని చొచ్చును. తల విదిలించిన జాఱరాదు. పదినిమిషములు పెట్టుకొని చూడుడు. మన యెండలకు చెమట పట్టును గావున మార్చుకొన వీలగు మెత్తలున్నవి మేలు. తుదకు పాట పెట్టి, ప్రక్కవానికి అది వినబడుచున్నదేమో యడుగుడు. వానికి వినబడినచో మైకునకును వినబడును. రసీదు తీసికొనుట మఱవరాదు. ప్రసిద్ధమైన పేర్లతో నకిలీ సరకును వచ్చుచుండును.

అచ్చట చూచినవానిలో ఆడియో టెక్నికావారి ఎం 20 ఎక్స్ అనునది మూసిన జాతి. 47 ఓములు, మూడు మీటర్ల తీగ. జెన్‌హైజర్‌వారి హెచ్‌డి 280 ప్రో యనునది 64 ఓములు; 32 డెసిబెలుల వఱకు వెలుపలి ధ్వనిని అడ్డగించునని తయారు చేసినవారు చెప్పుదురు. మా పనికి రెండవదే తగినది; కాని దాని వెల మనుమని సంచికి మించినది. నేను పింఛనులోనుండి ఇచ్చెదనన్నను వాడు ఒప్పుకొనలేదు.

అంతట నాకొక యుపాయము తోచినది. కర్మాగారములలో కార్మికులు చెవులపై పెట్టుకొను ఇయర్ మఫ్‌లు కలవు. పారిశ్రామిక సామగ్రి యమ్ము అంగళ్ళలో దొరకును. చెవిలో దూర్చుకొను తీగ యియర్‌ఫోన్లు పెట్టుకొని, పైన ఆ మఫ్‌లు కప్పుకొనిన నేమి యని యడిగితిని. పెక్కుమంది డ్రమ్ము వాయించువారు అట్లే చేయుదురని అంగడివాడు నవ్వుచు చెప్పెను. రెండును గలిపి పదునైదు వందలలోపున ముగిసినవి. "ఇది పెట్టుకొన్న రోడ్డు పనివానివలె నుందును" అని మనుమడు గునిసెను. "నాయనా, రోడ్డు పనివానికి చెవుల విలువ తెలిసినది, నీకింకను తెలియలేదు" అంటిని.

తీగను వీపువైపునుండి చొక్కాలోనికి దించితిమి. అట్లైన పుల్లకు దగులదు. టిక్కు ధ్వనిని వినబడీ వినబడనంత తగ్గించి, అచ్చటనుండి కొంచెమే హెచ్చించితిమి. అరగంట వాయించి పదినిమిషములు విశ్రమింపవలెనని కట్టడి చేసితిని. ఈసారి దెబ్బలు తాళమున నిలిచినవి. టిక్కు మైకున బడలేదు. రాత్రి చెవులలో కీచురాళ్ళు అఱవలేదు. డెమో పంపినాడు. పిలుపు వచ్చునో రాదో దైవాధీనము; చెవులు మాత్రము వానియొద్దనే యున్నవి.

మహాశయులారా, మీ గ్రామములలో డప్పు, డోలు వాయించువారున్నారు. వారికి హెడ్‌ఫోన్లతో పని లేకపోవచ్చును; చెవులతో పని కలదు. మందుల అంగడిలో దొరకు మెత్తని చెవిబిరడాలు కొద్ది రూకలకే వచ్చును. ఉత్సవమునకు ముందు వారిచేతిలో పెట్టుడు. పట్నమున జదువుకొను మీ పిల్లలు రేయింబవళ్ళు చెవులలో పాట పెట్టుకొని యుందురు. పెద్దలకు వారమునకు 40 గంటలు, అదియు 80 డెసిబెలులు మించక వినుట క్షేమమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో జెప్పినది. చేయి చాచినంత దూరమున నిలిచి మీరు పిలిచిన పలుకకున్న, పాట మితి మీఱియుండవచ్చునని తెలిసికొనుడు. కోపపడక, మెల్లగా దానిని తగ్గింపుమని చెప్పుడు.

మా గ్రామపు డోలు వాద్యకానికి ఈ మాట చెప్పువారు లేకపోయిరి. మీకు జెప్పగలిగితిని, అంతే చాలును.