పంచదార లేని రస్కులో షుగర్ ఎక్కడిది?

రాజమండ్రి నుంచి ఒక పాఠకురాలు రాశారు: "మావారికి పదేళ్లుగా షుగర్. టీలో పంచదార ఎప్పుడో మానేశారు. సాయంత్రం షుగర్ ఫ్రీ రస్కులు నాలుగు అందులో ముంచుకుని తింటారు. మొన్న తినకముందు మీటర్లో 128 ఉంది, గంట తర్వాత చూస్తే 205. ప్యాకెట్ మీద అబద్ధం రాశారంటారా?"

లేదండీ, నిజమే రాశారు. మన ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ నిబంధన ప్రకారం 100 గ్రాముల పదార్థంలో చక్కెరలు అర గ్రాముకు మించకపోతే షుగర్ ఫ్రీ అని రాసుకోవచ్చు. ఆ లెక్కలో చక్కెరలంటే గ్లూకోజ్, ఫ్రక్టోజ్, పంచదార వంటి చిన్న అణువులే. మైదాలోని పిండి ఆ లెక్కలోకి రాదు. రస్కులో సగానికి పైగా ఉన్నది ఆ పిండే.

ఒక్క అంకె గుర్తుంచుకోండి. ఒంట్లో ఉన్న అయిదు లీటర్ల రక్తంలో, షుగర్ 100 ఉన్నప్పుడు, కరిగి ఉండే గ్లూకోజ్ మొత్తం అయిదు గ్రాములు. ఒక చిన్న చెంచాడు! నాలుగు రస్కుల్లో ఉండే పిండి పాతిక గ్రాముల పైమాటే. ఇన్సులిన్ చాలని ఒంట్లో అంత గ్లూకోజ్ ఒక్కసారిగా వచ్చి పడితే మీటరు పైకి పోక ఏం చేస్తుంది?

ఇక అసలు కథ. పిండి అంటే గ్లూకోజ్ పూసలు గుచ్చిన దండ. వేల పూసలు, కొమ్మలు వేసిన దండల్లో అయితే లక్షలు. దండలో ఉన్నంతసేపు ఆ పూసలకు తీపి ఉండదు, నాలుక వాటిని గుర్తు పట్టదు. పచ్చి గింజలో ఈ దండలు చిన్న చిన్న రేణువుల్లో గట్టిగా చుట్టుకుని ఉంటాయి, అరిగించే ఎంజైములు లోపలికి అంత తేలిగ్గా చొరబడలేవు. నీళ్లు, వేడి తగిలాయంటే రేణువు ఉబ్బి విచ్చుకుంటుంది. పొయ్యి మీద గంజి చిక్కబడేది అందుకే. రస్కు అంటే ఏమిటి? దండిగా నీళ్లు పోసి కలిపిన ముద్దను బ్రెడ్డుగా కాల్చి, ముక్కలు కోసి మళ్లీ ఎండగాల్చింది. రేణువులు బట్టీలోనే విచ్చుకున్నాయి, కోతకు సిద్ధంగా ఉన్నాయి.

కోత నోట్లోనే మొదలవుతుంది. ఉత్త అన్నం ముద్ద మింగకుండా రెండు మూడు నిమిషాలు నమిలి చూడండి, తియ్యబడుతుంది. లాలాజలంలోని ఎమైలేజ్ అనే ఎంజైము దండల్ని కోస్తోంది మరి. మిగతా పని క్లోమం నుంచి వచ్చే ఎమైలేజ్ చేస్తుంది. చివరికి మిగిలే రెండేసి, మూడేసి పూసల తుంపుల్ని చిన్న పేగు గోడకు అంటుకుని ఉన్న ఎంజైములు విడగొడతాయి. విడిపోయిన చోటే పేగు వాటిని పీల్చుకుంటుంది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతి ఇప్పుడొస్తుంది. పూసల మధ్య లంకె తెగిన ప్రతిసారీ ఒక నీటి అణువు అక్కడ చేరుతుంది. అందువల్ల 9 గ్రాముల పిండి పూర్తిగా అరిగితే 10 గ్రాముల గ్లూకోజ్ అవుతుంది. తిన్నదానికన్నా ఎక్కువ! మరి పంచదార? అందులో ఒక గ్లూకోజ్, ఒక ఫ్రక్టోజ్ జంటగా ఉంటాయి. 9 గ్రాముల పంచదార తెగితే వచ్చే గ్లూకోజ్ 5 గ్రాములకు కాస్త తక్కువ. మిగతాది ఫ్రక్టోజ్. దానిలో చాలా భాగాన్ని పేగు, కాలేయం దారిలోనే పట్టేసుకుంటాయి. మీటరు స్ట్రిప్పులోని ఎంజైము గ్లూకోజ్‌నే పట్టుకుంటుంది, ఫ్రక్టోజ్ దానికి కనిపించదు. గ్రాముకు గ్రాము చూస్తే పంచదార కన్నా పిండి నుంచే రక్తంలోకి దాదాపు రెట్టింపు గ్లూకోజ్ చేరగలదు. పంచదార మంచిదని దీనర్థం కాదు. మోతాదు మించిన ఫ్రక్టోజ్ కాలేయంలో కొవ్వుగా మారుతుంది, మీటరు ఆ సంగతి చెప్పదు.

ఇంత తేలిక లెక్కను వైద్యశాస్త్రం చాలా కాలం పట్టించుకోలేదు. చిన్న అణువు కాబట్టి చక్కెర గబుక్కున ఎక్కుతుందనీ, పెద్ద అణువు కాబట్టి పిండి నిదానంగా అరుగుతుందనీ దశాబ్దాల పాటు పుస్తకాలు చెప్పాయి. తీపి మానండి, పిండి వంటలు ఫరవాలేదన్నారు. 1981లో టొరంటో విశ్వవిద్యాలయంలో డేవిడ్ జెన్‌కిన్స్ బృందం 62 రకాల పదార్థాలను మనుషుల చేత తినిపించి, రక్తంలో గ్లూకోజ్ ఎంత పెరిగిందో కొలిచింది. గ్లూకోజ్‌కు 100 అనుకుంటే పంచదారకు 59 వచ్చింది. తెల్ల బ్రెడ్డుకు 69, తెల్లన్నానికి 72, కార్న్‌ఫ్లేక్స్‌కు 80! ఐస్‌క్రీముకు 36. గ్లైసీమిక్ ఇండెక్స్ అనే మాట పుట్టింది ఆ వ్యాసంలోనే. ఆ పట్టికలోనూ ఒక పొరపాటు దొర్లింది. క్యారెట్‌కు 92 వేశారు, తర్వాతి కొలతల్లో అంతకన్నా చాలా తక్కువ వచ్చింది. ఈలోగా పాపం క్యారెట్‌ను ఎందరు మానేశారో! పైగా ఈ పరీక్షల్లో మామూలుగా ఏ పదార్థాన్నైనా 50 గ్రాముల పిండిపదార్థం అందేంత తినిపిస్తారు. క్యారెట్ల లెక్కన అది అరకిలో దాటుతుంది.

పంచదార తీసేసిన చోట ఏం చేరుతోందన్నది నన్ను ఎక్కువ బాధపెట్టే విషయం. కొన్ని పొడుల్లో, బార్లలో మాల్టోడెక్స్‌ట్రిన్ కలుపుతారు. అది ఫ్యాక్టరీలోనే సగం అరిగించేసిన పిండి, రక్తంలోకి ఇంచుమించు గ్లూకోజ్ అంత వేగంగా చేరుతుంది. షుగర్ ఫ్రీ చాక్లెట్లలో మాల్టిటాల్ ఉంటుంది. ఒక గ్లూకోజ్‌కు సార్బిటాల్ జోడైన అణువు అది. పేగు దాన్ని నెమ్మదిగా, కొంత మేరకే కోస్తుంది, మిగిలింది పెద్ద పేగులోకి పోయి ఉబ్బరం తెస్తుంది. లో-కార్బ్ ప్యాకెట్ల మీద "నెట్ కార్బ్స్" అంటూ మొత్తం కార్బోహైడ్రేట్ల నుంచి మాల్టిటాల్‌ను పూర్తిగా తీసివేసి చూపే లెక్క తప్పు. ఎరిత్రిటాల్‌ను తీసివేస్తే ఒప్పుకుంటాను, అది చాలావరకు అరగకుండానే మూత్రంలో పోతుంది.

కాబట్టి అమ్మా, ప్యాకెట్ వెనక్కి తిప్పి "చక్కెరలు" అన్న వరుస కాకుండా దానిపైన ఉండే "కార్బోహైడ్రేట్లు" అన్న వరుస చూడండి. టీతో పాటు ఏదో ఒకటి ఉండాలంటారా, రెండు రస్కులు తగ్గించి గుప్పెడు వేయించిన వేరుశనగపప్పులు పెట్టండి. జెన్‌కిన్స్ పట్టికలో వాటికి వచ్చింది 13.

ఇంకొక్క మాట. మీవారు వోగ్లిబోస్ గానీ ఎకార్బోస్ గానీ వాడుతున్నారేమో మీరు రాయలేదు. పేగు గోడ మీది ఆ ఎంజైముల్ని అడ్డుకునే మాత్రలవి. పంచదారను విడగొట్టేదీ ఆ ఎంజైములే. ఈ మాత్రలతో పాటు ఇన్సులిన్ గానీ, షుగర్‌ను బాగా దింపే వేరే మాత్ర గానీ వాడేవారికి ఎప్పుడైనా షుగర్ పడిపోయి చెమటలు పట్టి వణుకు వస్తే, చెంచాడు పంచదార పెడితే అది విడిపోవడానికి ఆలస్యమవుతుంది. విడిపోయి ఉన్న పూసలే కావాలి. మందుల షాపులో దొరికే గ్లూకోజ్ పొడి డబ్బా ఒకటి ఇంట్లో ఉంచుకోండి.