గడప ఎవరిది? పాత ఇళ్ల కొయ్యపని, కులం, చేతి విద్య

పాత ఇళ్లల్లో గడప ఎక్కువగా కొయ్యదే. దానికి పసుపు రాస్తరు, కుంకుమ బొట్లు పెడతరు. అదే గడప మాల మాదిగలకు హద్దు. చెట్టు నరికిన చేతులు, మొద్దును బండికెత్తిన భుజాలు ఆ హద్దు ఇవతలే ఆగిపోయాయి. ఇప్పుడా గడపలు చెదలు పట్టి, కుంగి, మరమ్మతుకు వస్తున్నాయి. వాటిని బాగుచేసే పనిలో మన వాడల పిల్లలు కూడా కనబడుతున్నారు. ఈ సందర్భంలో మేము రెండు ప్రశ్నలు ముందుకు తెస్తున్నాము. పాత కొయ్యను ఎట్లా బాగుచేస్తారు? ఆ విద్య ఎవరిది?

ముందు కొయ్య సంగతి. మొద్దును అడ్డంగా కోస్తే నడుమ ముదురు రంగు భాగం కనబడుతుంది. అదే చేవ. దాని చుట్టూ పాలిపోయిన రంగులో లేత చెక్క ఉంటుంది. చెదలు ముందుగా తినేది ఈ లేత చెక్కనే. టేకు చేవ జోలికి అంత సులువుగా పోవు. అందుకే దొరల గడులకు, కలిగినోళ్ల భవంతులకు టేకు స్తంభాలు, టేకు దర్వాజలు పడ్డాయి. మన గుడిసెలకు తుమ్మ గుంజలు, వెదురు బొంగులు, తాటి వాసాలు దక్కాయి. తుమ్మ తక్కువ జాతి కొయ్యా? నాగలికీ బండి చక్రానికీ దాన్నే వాడేవారు కదా! ఎవరింటికి ఏ కొయ్య అనేది కొయ్య గుణాన్ని బట్టి తేలలేదు, ఎవరి చేతిలో ఏముందో దాన్ని బట్టి తేలింది.

కొయ్య వయసు మీరి పాడవుతుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. కొయ్యకు అసలు శత్రువు తడి. తడి సుమారు 20 శాతం దాటి అట్లాగే నిలిచిపోతే శిలీంధ్రాలు చేరి కొయ్యను మెత్తబరుస్తాయి. తడి ఉన్నచోటికే చెదలూ వస్తాయి. స్తంభం నిలువునా సన్నటి గొట్టాల వంటి నాళాలుంటాయి కాబట్టి, కోసిన కొన నీటిని పీల్చినంతగా పక్కలు పీల్చవు. పాత పనివాళ్లు స్తంభం కింద రాతి దిమ్మె పెట్టింది అందం కోసమే కాదు, ఆ కొనను నేల తడికి దూరం చేయడానికి. తర్వాతి కాలంలో దిమ్మెలు మునిగేలా సిమెంటు గచ్చు వేసి స్తంభాల పాదాలను బిగించేశారు. పాత సున్నపు గోడ తడిని బయటికి వదులుతుంది. సిమెంటు దాన్ని లోపలే పట్టి ఉంచుతుంది. పైకి రంగు మెరుస్తున్నా స్తంభం అడుగు లోపల చివికిపోతుంది.

అందుకని మరమ్మతుకు ముందు తడి ఎక్కడినుంచి వస్తుందో చూడాలి. పగిలిన పెంకా, మూసుకుపోయిన తూమా, సిమెంటు గచ్చా? దాన్ని సరిచేయకుండా కొత్త కొయ్య పెడితే అదీ చివికిపోతుంది. తర్వాత మొనదేలిన పనిముట్టుతో గుచ్చి, సుత్తితో తట్టి చూడాలి. గట్టి కొయ్య ఖంగున మోగుతుంది, గుల్లబారింది డొల్ల చప్పుడు చేస్తుంది. పైన దూలానికి ఊతాలు పెట్టి, జాకీతో బరువును మెల్లగా ఆపాలి. అప్పుడు చివికిన భాగాన్ని, గట్టి కొయ్య తగిలేదాకా మాత్రమే కోసెయ్యాలి. స్తంభం మొత్తం తీసేయడం మరమ్మతు కాదు.

కొత్త ముక్క అదే జాతిది, బాగా ఆరినది కావాలి. పడగొట్టిన పాత ఇళ్ల కొయ్య ఇందుకు పనికొస్తుంది. పచ్చి కొయ్య ఆరేకొద్దీ అడ్డంగా కుంచించుకుపోయి అతుకు వదులవుతుంది. నిలువునా మాత్రం దాదాపు మారదు. రెండు ముక్కలనూ ఏటవాలుగా కోసి, ఒకదాని మీద ఒకటి కూర్చునేలా అతకాలి. ఆ అతుకు పొడవు స్తంభం మందానికి కనీసం రెండు మూడింతలుండాలి. దర్వాజా మూలల్లో అయితే ఒక చెక్క కొనను నాలుకలా చెక్కి, రెండో చెక్కకు తొలిచిన బెజ్జంలో దించుతారు. ఆ నాలుకనే కుసి అంటారు. కుసి సరిగ్గా కూర్చుంటే మేకు అక్కర పెద్దగా ఉండదు.

ఇందులో పుట్టుకతో వచ్చేది ఏముంది? కన్ను, చెయ్యి, ఓపిక, చెప్పేవాడు. ఇవుంటే ఎవరైనా నేర్చుకోవచ్చు. మా ఇంట్లో మొదట యూనివర్సిటీ మెట్లెక్కింది మేమే. మా నాయన కోతరంపం లాగిన మనిషి. మొద్దును ఎత్తున పెట్టి, పైన ఒకరు, కింద ఒకరు నిలబడి రంపం లాగేవారు. గీత చూసి నడిపేది పైవాడు. రంపపు పొట్టు కళ్లల్లో పడేది కిందోడికి. మా నాయన ఎప్పుడూ కిందే. “మొద్దు ఏడ పగులుతదో కిందున్నోనికే ముందు ఎర్కైతది” అనేవాడు. ఆ ఎరుకకు కూలి ఇచ్చారు గాని, విద్య అని పేరు మాత్రం పెట్టలేదు.

మన వాడకు ఈ శాస్త్రం కొత్తదీ కాదు. కొయ్య చట్రం మీద తోలు బిగించి డప్పు చేసింది మాదిగలు. డప్పును మంట దగ్గర కాస్తే తోలులో తడి ఆరి బిగుస్తుంది, మోత పెరుగుతుంది. తడి చేరితే సాగడం, ఆరితే కుంచించుకోవడం, కొయ్య పనికి మూలమైన పాఠం కూడా ఇదే.

ఈ మాటలు వడ్లవారి మీద కోపంతో అంటున్నవి కావు. తెలంగాణలో దొరల వెట్టి వాళ్లనూ వదల్లేదు. నాగళ్లు, పనిముట్లు ఊరికే చేసి పెట్టాల్సివచ్చేది. కానీ వెట్టిలో కలిసి నలిగినా మెట్లు మాత్రం చెరిగిపోలేదు. కులం పనిని పంచడంతో ఆగదని, పనిచేసేవాళ్లనే మెట్లు మెట్లుగా విడదీస్తుందని బాబాసాహెబ్ అంబేద్కర్ 1936లోనే ‘కుల నిర్మూలన’లో వివరించారు. పైకొన పట్టిన చేతికీ కిందికొన పట్టిన చేతికీ మధ్య ఉన్నది ఆ మెట్టే.

ఈ మెట్టును ప్రభుత్వాలు చెరిపేస్తున్నాయా, గట్టిపరుస్తున్నాయా? 1953లో మద్రాసు ముఖ్యమంత్రి రాజగోపాలాచారి తెచ్చిన పథకం, పిల్లలు సగం పూట బడికి, మిగతా పూట తల్లిదండ్రుల పనికి పోవాలంది. కులవిద్య పథకమని ప్రజలు తిరగబడ్డారు. 1954లో అది రద్దయింది. 2023లో కేంద్రం 13,000 కోట్లతో పీఎం విశ్వకర్మ పథకం తెచ్చింది. వడ్రంగంతో కలిపి 18 వృత్తులకు శిక్షణ, పనిముట్లకు 15,000 రూపాయలు, తక్కువ వడ్డీ అప్పు ఇస్తామంది. చేతివృత్తులకు సాయం అవసరమే. కానీ ‘కుటుంబ సంప్రదాయ వృత్తులు’ అనే మాట దగ్గరే మా అభ్యంతరం. తాతలు రంపం కింద నిలబడ్డ పిల్లవాడు ఏ సంప్రదాయం చూపించాలి? తమిళనాడు ప్రభుత్వం 2024లో ఇటువంటి అభ్యంతరంతోనే దీన్ని అమలు చేయబోమంది.

మాకు కావలసింది పుట్టుక అడగని శిక్షణ. ఐటీఐలల్లో కొత్త ఫర్నిచరుతో పాటు పాత కొయ్య మరమ్మతు కూడా నేర్పాలి. పాత కట్టడాలు బాగుచేసే ప్రభుత్వ పనుల్లో మన పిల్లల్ని మోతకూలీలుగా కాక, ఉలి పట్టే పనివాళ్లుగా తీసుకోవాలి. పని నేర్చినవాడికి మేస్త్రీ కూలి, మేస్త్రీ పేరు రెండూ దక్కాలి.

దొర దర్వాజాను మనమెందుకు కాపాడాలి, కూలిపోనీ అని మిత్రులు అడగొచ్చు. ఆ కోపం న్యాయమైనదే. కానీ ఆ కొయ్యలో దొర చెమట ఒక్క చుక్క లేదు. నరికినోళ్లు, మోసినోళ్లు, కోసినోళ్లు, చెక్కినోళ్ల చెమటే ఉంది. అది కూలిపోతే దొరకు పోయేది ఒక దర్వాజా. మనకు పోయేది మన పనికి మిగిలిన సాక్ష్యం. దాన్ని బాగుచేసే ఉలి మన పిల్లల చేతికి రావాలి. ఆ పిల్లలు పని అయిపోయాక కూడా ఆ గడప దాటి లోపలికి పోయి, అందరితో కూర్చుని నీళ్లు తాగాలి. అప్పుడే ఆ మరమ్మతు పూర్తయినట్టు.