బాలింతకు ఎండ, బిడ్డకు చుక్కమందు

మన బిచ్కుంద ప్రాంతమున ఎండకు కొదువ లేదు. అట్టి చోట ఎండ చాలక తల్లుల యొక్కయు శిశువుల యొక్కయు ఎముకలు బలహీనపడునన్నచో వింతగా తోచును. కాని తిరుపతి శ్రీ వేంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థ వైద్యులు 2007లో ప్రకటించిన పరిశోధనలో గ్రామీణ పురుషులలో నూటికి 44 మందికి, స్త్రీలలో నూటికి 70 మందికి విటమిను డి లోపము కానవచ్చెను. ఇక పురుటిగదిలో నుండు బాలింతల మాట చెప్పనేల?

విటమిను డి ముఖ్యముగా ఎండ వలన చర్మమునందు పుట్టును. తిన్న యాహారములోని కాల్షియము ఒంటబట్టుటకు ఇది యవసరము. చేనికి ఎరువెంత వేసినను తడి లేనిచో పైరున కందదు గదా! ఇదియు నట్టిదే. బాలింతను వెలుతురు సోకని గదిలో నిండుగ కప్పియుంచు ఆచారము వలన ఈ లోపము హెచ్చును.

శిశువునకు తల్లిపాలను మించిన యాహారము లేదు, వానిని మాన్పింపరాదు. అయినను వానిలో విటమిను డి స్వల్పము. తల్లికే లోపమున్నచో మరింత స్వల్పము. ఇది తల్లి దోషము కాదు. లోపము ముదిరిన బిడ్డలకు మణికట్లు ఉబ్బును, నడక ఆలస్యమగును, కాళ్లు వంగును, ఒక్కొక్కప్పుడు మూర్ఛయు వచ్చును. తల్లికి నడుమునొప్పి, కండరముల నీరసము కలుగును. వీనిని దిష్టి యనియో, గాలి యనియో ఉపేక్షింపరాదు.

నివారణ సులభము. పుట్టినది మొదలు ఏడాది నిండువరకు బిడ్డకు దినమునకు 400 యూనిట్ల విటమిను డి చుక్కమందు నీయవలెనని శిశువైద్యులు చెప్పుచున్నారు. సీసాసీసాకు మందు బలము వేరుగ నుండును. కావున ఎన్ని చుక్కలో వైద్యుని యడిగి తెలిసికొనవలెను. మోతాదు మించిన హాని కలుగును. తల్లికి మందు కావలయునా యనునదియు వైద్యుడే నిర్ణయించవలెను.

బాలింత దినమును కొంతసేపు ముఖమునకు, చేతులకు ఎండ తగులునట్లు ఆరుబయట కూర్చుండవలెను. వేసవిలో వడదెబ్బ తగులకుండ జాగ్రత్తపడవలెను. పసికందును తీవ్రమైన యెండలో నుంచరాదు. 2015లో ప్రారంభమైన ఆరోగ్యలక్ష్మి పథకము క్రింద అంగన్‌వాడీలో నిచ్చు పాలు, గ్రుడ్డు బాలింతయే తినవలెను. తైదలలో కాల్షియము మెండు. మొలకెత్తించిన మరింత మేలు.

సోదర రైతులారా! ఈనిన గేదెకు దాణా, గాలి, వెలుతురు ఏమరక చూచుకొను మనము, ఇంటి బాలింతకు వాకిటి యెండ నిచ్చుటకు సందేహింపనేల? ఇంటి పెద్దలతో నేడే ఈ మాట చెప్పుడని మేము కోరుచున్నాము.